దుమారం కంటే తొలకరికి భయపడండి

తమ్ముడూ, మీరు అడిగినదాని సారం ఇది. మహారాష్ట్ర నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఆరెకరాలు. మూడేళ్ళుగా వాన సరిగ్గా లేదు. ఈ వేసవిలో రోజు విడిచి రోజు గాలిదుమారం, వంటింట్లో గిన్నెల దాకా మట్టి. 1930లలో అమెరికాలో వచ్చిన ధూళి తుఫాన్ల వీడియో చూసిన దగ్గర్నుంచి మన ఊళ్ళు కూడా అలాగే బీడైపోతాయేమోనని మీకు గుబులు. నాన్నగారు జత ఎడ్లూ రెండు బర్రెలూ అమ్మేసి, భూమి కౌలుకిచ్చి హైదరాబాద్ పోదామంటున్నారు. మామయ్య బోరు వేయమంటున్నాడు. నా ఉద్యోగమంతా బిలోలి, దెగ్లూర్, ముఖేడ్ తాలూకాల్లో గట్లూ కుంటలూ వేయించడంలోనే గడిచింది కాబట్టి, నాకు తెలిసినంత చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం. ఆ దుమ్ము లేచింది ముఖ్యంగా ఓక్లహోమా, టెక్సాస్, కాన్సస్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాలు ఒకదాన్నొకటి తాకే చోట. అక్కడ మామూలు ఏడాదిలోనే వాన 450 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అది గడ్డి పెరిగే నేల, ఆ గడ్డి వేళ్ళే మట్టిని పట్టి ఉంచేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమకు ధర పెరిగింది, ట్రాక్టర్లు వచ్చాయి, లక్షల ఎకరాల గడ్డిని తిరగదున్నేశారు. తర్వాత ధర పడిపోతే, తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ దున్నారు. 1931 తర్వాత వానలు ముఖం చాటేశాయి. విత్తింది మొలవలేదు, ఉన్న గడ్డి ఎప్పుడో పోయింది, నేల బోసిగా గాలికి దొరికింది. 1934 మే నెలలో లేచిన దుమ్ము చికాగో మీదుగా న్యూయార్క్ దాకా వెళ్ళింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం నాటి తుఫానును అక్కడివాళ్ళు ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు.

ఇప్పుడు మన సంగతి. నాందేడ్ జిల్లా సగటు వాన 900 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మనం గొల్లుమనే కరువేడు పడే వాన దాదాపు వాళ్ళ మామూలు ఏడాదంత. మన రేగడి ఎండితే నెర్రెలు విచ్చి పెళ్ళలు కడుతుంది. ఆ పెళ్ళను గాలి ఎత్తుకుపోలేదు. సాయంత్రం పూట మీరు చూస్తున్న దుమారం చాలావరకు వేసవి మబ్బు నుంచి దిగే చల్లగాలి పని. పైన కురిసిన చినుకు నేలకు చేరకముందే ఆవిరై, ఆ చల్లబడ్డ గాలి ఒక్కసారిగా కిందికి పడి, బాటల మీద, బీళ్ళ మీద ఉన్న సన్నమట్టిని లేపుతుంది. రేకులు లేచిపోతాయి, మామిడి పిందె రాలుతుంది, కంట్లో నలుసు పడుతుంది. ఇబ్బందే. కానీ దాంతో రేగడి చేను ఎగిరిపోదు.

ఒక మినహాయింపు ఉంది. తెలంగాణ హద్దు వైపు వచ్చేకొద్దీ నల్లరాయి తగ్గి గ్రానైట్ బయటపడుతుంది. దాని మీద ఉండేది ఎర్రచెలక, ఇసుక పాలు ఎక్కువ. అలాంటి చేను ఏప్రిల్, మే నెలల్లో రోటావేటర్ తిప్పి పిండి చేసి వదిలేస్తే గాలికి నిజంగానే పోతుంది. కౌలుదార్లు ట్రాక్టర్ ఖాళీగా ఉందని, నేల తమది కాదని రెండేసి మాట్లు తిప్పడం చూశాను. చూడ్డానికి చేను శుభ్రంగా ఉంటుంది. నా ఉద్దేశంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళను ఎక్కువ పాడు చేస్తున్నది ఈ శుభ్రం మీద మోజే.

గాలి కంటే పెద్ద నష్టం జూన్‌లో వస్తుంది. మూడేళ్ళ కరువులో చేల మీద చెత్త, కొయ్యకాలు, గడ్డి ఏమీ మిగలవు. ఉన్నదంతా పశువులు తినేస్తాయి, లేదా పొయ్యిలోకి పోతుంది. ఆ బోసి నేల మీద తొలకరి వాన గంటలో 40, 50 మిల్లీమీటర్లు దంచిందనుకోండి, పైమట్టి కరిగి వాగులోకి పోతుంది. మన లేండి నది, మంజీర నది, వాటి వాగులు తొలి వరదలో ఎంత చిక్కగా పారతాయో మీరే చూసి ఉంటారు. కరువేట్లో మన మట్టి దుమ్ముగా పోయేదానికంటే బురదగా పోయేదే చాలా ఎక్కువ. పైగా ఆ వాన చేలో ఇంకదు కాబట్టి, పది రోజులు ఎండ కాస్తే మళ్ళీ కరువే.

అందుకని నాన్నగారితో మొదట మాట్లాడాల్సింది పశువుల గురించి కాదు, ఈ రెండు నెలలు చేను ఎలా ఉండబోతుందన్న దాని గురించి.

మన వైపు యాసంగి జొన్నను వేళ్ళతో సహా పీకుతారు. చొప్ప బారెడు పొడుగు వస్తుందని, పీకడం తేలికని. పీకిన చోట గుప్పెడు మట్టి లేచొస్తుంది, మోకాలికేసి కొట్టి దులుపుతారు. అలా చేనంతా గుల్లబారి బోసిపోతుంది. జానెడు వదిలి కొడవలితో కోస్తే చొప్పలో పోయేది ఆ జానెడే. ఆ కొయ్యకాలు మే దాకా గాలిని నేల మీద పారనివ్వదు, జూన్‌లో నీళ్ళ పరుగును ఆపుతుంది. ఈ ఏడాది పీకేసి ఉంటే పీకేశారు, వచ్చే ఏడు గుర్తుంచుకోండి. పత్తికట్టె, కందికట్టె ఉంటే కాల్చకండి. పొయ్యికి కావలసినంత పక్కన పెట్టి, మిగతాది వాలుకు అడ్డంగా వరసలు పరచండి. గాలికి కొట్టుకుపోకుండా అక్కడక్కడ రాయి పెడితే చాలు.

దున్నడం ఒక్కసారి, అదీ వాలుకు అడ్డంగా, పెళ్ళలు పెళ్ళలుగా. పెళ్ళలు పగలగొట్టే పని వానకు వదిలేయండి. అమెరికాలో ప్రభుత్వం రైతులకు ఎకరానికింత అని చేతిలో పెట్టి మరీ చేయించిన పని ఇలాంటిదే. గాలికి అడ్డంగా లోతైన సాళ్ళు తీయడం, వాలున్న చోట వాలుకు అడ్డంగా దున్నడం. దీని వెనకున్న మనిషి హ్యూ బెనెట్ అనే మట్టి శాస్త్రవేత్త. 1935 ఏప్రిల్ 27న అక్కడ భూసంరక్షణ చట్టం వచ్చింది, దానితో ఏర్పడిన భూసంరక్షణ శాఖకు ఆయనే అధిపతి. అక్కడి ప్రభుత్వం 1934 నుంచి 1942 దాకా గాలికి అడ్డంగా 22 కోట్ల మొక్కలు నాటించింది. మనకు అంత అక్కర్లేదు. పడమటి గట్టు మీద వరసగా గ్లైరిసిడియా అనే చెట్టు కొమ్మలు గుచ్చితే వానాకాలంలో వేళ్ళు పట్టుకుంటాయి, ఏటా నరికి చేలో వేస్తే ఎరువు. మేకలున్న ఇళ్ళవాళ్ళు గొడవ పెడతారు, ముందే మాట్లాడుకోండి.

తొలకరి విత్తనం దగ్గర తొందర వద్దు. ఒక్క జల్లు పడగానే పక్క చేలో గొర్రు కట్టారని మీరూ కట్టారంటే, మళ్ళీ విత్తాల్సి రావచ్చు. దుబార్ పెరణి అని ఊరంతా అనుకునే ఆ రెండో విత్తనమే కరువేట్లో అప్పుకు అసలు కారణమవుతుంది. 75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడి, జానెడు లోతు పదును తగిలాకే సోయా వేయాలని వ్యవసాయ శాఖ ఏటా చెప్తుంది. అది నిజంగా పాటించాల్సిన మాట. మీ ఊళ్ళో వాన కొలిచే వానమాని లేకపోతే పార తీసుకుని నాలుగు చోట్ల తవ్వి చూడండి. తడిమట్టి పట్టి పిసికితే ఉండ కట్టాలి, విసిరితే విడిపోకూడదు. ఇంట్లో దాచిన విత్తనమైతే తడిపిన గోనెపట్టాలో నూరు గింజలు వరసగా పేర్చి చుట్టి, నీడలో పెట్టి, ఆరేడు రోజులకు విప్పి లెక్కపెట్టండి. 70 మొలిస్తే మామూలు మోతాదు, తగ్గితే మోతాదు పెంచాలి, మరీ తగ్గితే ఆ విత్తనం అమ్మేయాలి.

ఒక్క సోయానే వేయకండి. నాలుగు సాళ్ళు సోయా, రెండు సాళ్ళు కంది. ఆగస్టులో వాన ఎగ్గొడితే సోయా పోతుంది, కంది వేరు లోతుకు దిగి నిలబడుతుంది. పర్భణీ విశ్వవిద్యాలయం కిందున్న బద్నాపూర్ కేంద్రం నుంచి వచ్చిన బీడీఎన్-711 కంది తొందరగా కోతకొస్తుంది కాబట్టి తేలికపాటి నేలలకు పనికొస్తుంది. విత్తనం, సలహా రెండింటికీ మీకు దగ్గర్లో ఉన్నది బిలోలి తాలూకా సగరోళి కృషి విజ్ఞాన కేంద్రం. విత్తిన నెలకు ప్రతి నాలుగు సాళ్ళకు ఒకచోట నాగలితో ఒట్టి చాలు తోలండి. ఎడ్లుంటే ఆరెకరాలకు రెండు పూటల పని. చిన్న వాన పడితే నీళ్ళు ఆ చాల్లో నిలిచి ఇంకుతాయి, పెద్ద వాన పడితే మురుగు అందులోంచి పోతుంది. నేను ఉద్యోగంలో ఉండగా చేయించిన పెద్ద పెద్ద పనుల్లో కొన్ని కొట్టుకుపోయాయి, కొన్నింట్లో పూడిక చేరింది. ఈ చాలు మాత్రం ఏ ఊళ్ళోనూ దండగైందని ఎవరూ అనగా వినలేదు.

ఎడ్లుంటే అన్నాను కదా, ఇప్పుడు పశువుల సంగతి. లెక్క వేసి చూడండి. ఇప్పుడు ఏప్రిల్ నడుస్తోంది, పచ్చగడ్డి నోటికందేది జూలై నడిమికి. ఎండుమేతే పెట్టాలంటే పెద్ద పశువుకు రోజుకు 6 కిలోలకు తగ్గదు. నాలుగింటికి మూడు నెలలకు దాదాపు 22 క్వింటాళ్ళు. వామి దగ్గరికెళ్ళి ఎన్ని కట్టలున్నాయో లెక్కపెట్టి, ఒక కట్ట తూచి చూస్తే మీ దగ్గర ఎంత ఉందో తేలిపోతుంది. నాలుగింటికీ చాలకపోతే ఒట్టిపోయిన బర్రెను ఇప్పుడే, ఒంట్లో కండ ఉండగానే అమ్మండి. మే చివర్లో బక్కచిక్కాక అడిగినకాడికి ఇవ్వాల్సి వస్తుంది. ఎడ్లు, పాలిచ్చే బర్రె ఉండనివ్వండి. ఎడ్లు అమ్మితే జూన్‌లో ట్రాక్టర్ కిరాయికి అప్పు, దాంతోపాటు మళ్ళీ ఆ రోటావేటర్.

1934లో అమెరికా ప్రభుత్వం మేత లేని రైతుల దగ్గర పశువులను తలకు 14 నుంచి 20 డాలర్లిచ్చి కొన్నది. పనికొచ్చేవాటిని మాంసానికి పంపారు, మరీ నీరసించినవాటిని అక్కడికక్కడే కాల్చి చంపారు. రైతు చూస్తుండగానే. డబ్బు చేతికొచ్చిందని కొందరు నిలదొక్కుకున్నారు, అది వేరే మాట. మనకు అలాంటి కొనుగోలు లేదు. బీడ్, సోలాపూర్ వైపు పెట్టినట్టు చారా ఛావణి, అంటే ప్రభుత్వం పశువులకు మేత పెట్టే శిబిరం, మన తాలూకాలోనూ తెరుస్తారన్న ఆశతో మేత కొనడం మానకండి.

ఉన్న చొప్ప, సోయా భూసా నాణ్యత పెంచుకోవచ్చు. నూరు కిలోల మేతకు 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పాలిథీన్ పట్టా గాలి దూరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక కాసేపు ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు, యూరియా నీళ్ళు పశువులకు అందకూడదు. ఇంకొకటి, పెద్దవాళ్ళకు తెలుసు గానీ ఈ తరం మర్చిపోతోంది. వాన ఎగ్గొట్టి గిడసబారిన లేత జొన్న, కోసిన మోడు నుంచి లేచిన పిలక పశువుల నోటికి అందనివ్వకండి. అందులో ఉండే విషం, నాము, తగిలితే కడుపుబ్బి, నురగ కక్కి, గంటలోపే పడిపోతుంది. పశువుల డాక్టర్ వచ్చేలోపు ఏమీ మిగలదు. దుమారం రేగినప్పుడు పశువులు కట్లు తెంచుకుని పారిపోయేది ఎక్కువగా అలాంటి చేల మీదికే.

బోరు విషయంలో మామయ్యకు నా మాటగా చెప్పండి, వద్దని. మన కింద ఉన్నది నల్లరాయైనా గ్రానైటైనా, నీళ్ళుండేది పైన మెత్తబడ్డ పొరలో, రాతి పగుళ్ళలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు బిగుసుకుంటాయి. 60 మీటర్లు దాటిన బావిని మహారాష్ట్ర భూగర్భజల చట్టం లోతు బావిగా లెక్కగట్టి కట్టడి చేసింది కూడా. పైపొర ఎండిపోయిన మూడో కరువేట్లో 500 అడుగులు తోడటమంటే దుమ్ము తోడటమే. ఆ దుమ్ము ఖరీదు లక్ష దాటుతుంది. ఆ ధూళి నేలల అమెరికా రైతులు కూడా తర్వాత ఇదే దారి పట్టారు. కింద ఓగల్లాలా అనే పెద్ద నీటిపొర దొరికింది, 1950ల నుంచి మోటార్లతో తోడారు, ఇప్పుడు అక్కడ చాలాచోట్ల అది అడుగంటుతోంది. వాళ్ళకు కనీసం తోడటానికి ఒక పొర ఉంది. బోరు డబ్బులో నాలుగో వంతు పెట్టి ఊరి కుంట పూడికమట్టి పై చేలకు తోలించండి, పాత బావి ఉంటే మట్టి తీయించండి. లాతూరుకు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, మొదటి రైలుకు పది ట్యాంకులు, 5 లక్షల లీటర్లు. మీ ఆరెకరాల మీద ఒక్క 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు అంతే నీళ్ళు. అవి గట్టు దాటకుండా చూసుకోవడం బోరు కంటే చౌక.

హైదరాబాద్ ప్రయాణం. దీని మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని, కానీ ఆ వీడియోలో చూపించని సంగతి ఒకటుంది. ఆ పదేళ్ళలో ఆ మైదానాల రాష్ట్రాల నుంచి 25 లక్షల మంది దాకా వెళ్ళిపోయారు, నిజమే. కానీ దుమ్ము ఎక్కువగా కొట్టిన జిల్లాల్లో కూడా ఎక్కువ మంది కదల్లేదు. ఉన్నవాళ్ళను బతికించినవి ప్రభుత్వ పనుల కూలి, ఒక ఆవు, కోళ్ళు, ఇంట్లో ఒకరిద్దరు బయట సంపాదించడం. వాళ్ళను ముంచినవాళ్ళు ఎవరంటే, పట్నంలో కూర్చుని గోధుమ వేసి, ధర పడగానే దున్నిన భూమిని అలాగే వదిలేసినవాళ్ళు. అక్కడ వాళ్ళకు సూట్‌కేసు రైతులని పేరు. వాళ్ళ చేల మట్టి లేచి పక్క రైతు మొలకను కప్పేసేది. మీరు భూమి కౌలుకిచ్చి వెళ్తే దెగ్లూర్‌లో మీరే ఆ సూట్‌కేసు రైతు అవుతారు. ఇవ్వక తప్పకపోతే కౌలు కాగితంలో వేసవిలో రోటావేటర్ తిప్పకూడదని, కట్టె కాల్చకూడదని, గట్లు తెంచకూడదని రాయించండి. కౌలు కొంచెం తక్కువ వచ్చినా సరే.

నా సలహా ఏంటంటే మీరొక్కరు వెళ్ళండి. నవంబర్ దాకా నెలనెలా ఎంతో కొంత పంపండి, నాన్నగారూ అమ్మగారూ ఊళ్ళోనే ఉండనివ్వండి. కూలీలను కుదిర్చే ముకాదం దగ్గర ఉచల్ (అడ్వాన్సు) తీసుకుని చెరకు నరకడానికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. ముందు తీసుకున్న ఆ డబ్బు తీరిందో లేదో ముకాదం చెప్తేనే తెలుస్తుంది. ఊళ్ళో రోజ్‌గార్ హమీ (ఉపాధి హామీ) పని అడగండి. 1972 కరువులో ఈ రాష్ట్రంలో మొదలైందే అది, 1977లో చట్టమైంది. ఆ ఏడు మన పెద్దవాళ్ళు రాళ్ళు కొట్టి, రేషన్‌లో వచ్చిన అమెరికా ఎర్రజొన్న రొట్టెలు తిన్నారు. మిలో అనేవాళ్ళు దాన్ని, ఇప్పటికీ ఆ పేరు చెప్తే మొహం చిట్లిస్తారు. పని నోటితో అడిగితే లెక్కలోకి రాదు. కాగితం మీద రాసిచ్చి, తారీఖు వేసిన రసీదు తీసుకోండి. మీ గుంటో, గట్టో ఆ పని కిందే వేయించుకోవచ్చు.

బ్యాంకు అప్పు ఉంటే, తాలూకాను కరువు కింద ప్రకటించిన వెంటనే పంట రుణాన్ని గడువు పెంచి వాయిదాలుగా మార్చమని రాసిచ్చి అడగండి. కరువు ప్రకటన వచ్చిందా, మీ మండలం (తాలూకాలోని రెవెన్యూ సర్కిల్) అందులో ఉందా అన్నది ఊరి రెవెన్యూ అధికారి తలాఠీ దగ్గర కనుక్కోవాలి, వాట్సాప్‌లో కాదు.

ఇంట్లో దుమ్ముకు పెద్ద మందేం లేదు. అక్కడివాళ్ళు కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుని, కంచాలు బోర్లించి పెట్టుకుని, తినేముందే తిప్పేవాళ్ళు. అయినా ఆ దుమ్ముతో న్యుమోనియా వచ్చి పసివాళ్ళూ ముసలివాళ్ళూ చనిపోయారు. మన దుమారం గంటలో పోతుంది కాబట్టి అంత ఉండదు, కానీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఆ గంట గడప దాటనివ్వకండి, మందు పక్కనే ఉంచండి. ఊడ్చేముందు నీళ్ళు చల్లండి. ఉరుములుంటే చెట్ల కింద పశువులను కట్టొద్దు.

నాన్నగారు ఈమధ్య మాట్లాడ్డం తగ్గించారని ఒక వాక్యం రాసి వదిలేశారు. నాకు మిగతా ప్రశ్నల కంటే అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అప్పు ఎంత, ఎవరికి అన్నది ఆయన ఒక్కడి బుర్రలో ఉండకూడదు. ఇవ్వాళ రాత్రే అమ్మగారు కూడా ఉండగా కూర్చుని కాగితం మీద రాయించండి. సావుకారి దగ్గర చేబదులుతో సహా. నిద్ర పట్టట్లేదన్నా, ఎందుకొచ్చిన బతుకు అన్నా తేలిగ్గా తీసుకోకండి, పురుగుమందుల డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ చేను రేగడా చెలకా, వాలు ఎటువైపు, పాత బావి ఉందా, ఈ మూడూ రాయలేదు. వాలు తెలియకపోతే సీసాలో ముప్పావు నీళ్ళు పోసి చేలో నేల మీద పడుకోబెట్టి, నీళ్ళు ఏ వైపు ఎక్కువ చేరాయో చూసి రాయండి. అవి తెలిస్తే కంది సాళ్ళు ఏ దిక్కున తోలాలో, గుంట ఏ మూల తవ్వాలో చెప్తాను.